రెండు చేతుల సలాం

అక్-బెల్ కనుమ ఎక్కబోయే డ్రైవర్లందరికీ టోలోగన్ ముసలాయన మీద ఒకటే ఫిర్యాదు. చెయ్యి పట్టుకుంటే వదలడు.

కనుమ అడుగున, రోడ్డుకి ఆనుకుని ఆయన రేకుల షెడ్డు ఉంది. లోపల గోడ పొడవునా మేకులకి చక్రాల గొలుసులు వేలాడుతుంటాయి. కార్లవి ఒక పక్క, లారీలవి ఒక పక్క. మంచు పడ్డ రోజున గొలుసుల్లేకుండా కనుమ ఎక్కడమంటే ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే కాబట్టి, లేనివాళ్ళు అక్కడ ఆగుతారు. ఆయన అద్దె పుచ్చుకోడు. అవతలి వైపు దిగాక టీ దుకాణంలో పడేసి పొమ్మంటాడు, ఎదురొచ్చే బళ్ళవాళ్ళు తిరిగి తెచ్చిపెడతారు. ఇంతవరకూ అందరికీ బాగానే ఉంటుంది. కానీ గొలుసు అడగ్గానే గొలుసు ఇవ్వడు. ముందు గ్లౌజులు తియ్యమంటాడు. తనవీ తీస్తాడు. రెండు చేతులూ చాపి ఎదుటివాడి రెండు చేతులూ అందుకుని "అస్సలామ్ అలేకుమ్" అంటాడు. అని, అలాగే నిలబడిపోతాడు. వేళ్ళు ఒక్కొక్కటే తడుముతాడు, సంతలో గొర్రె తోకకి కొవ్వెంత పట్టిందో చూసేవాడిలాగా.

ఈ ఏడు మొదటి మంచుకి పట్నం నుంచి ఒక కుర్రాడు పెద్ద కారేసుకుని వచ్చాడు. కాళ్ళకి గుడ్డ బూట్లు, నెత్తిన టోపీ లేదు. చేతులు ఆయన చేతుల్లో ఇరుక్కుపోయాక కాసేపు ఓపిక పట్టి, చివరికి పెద్దవాళ్ళని పిలిచినట్టు అతా అని పిలిచి అన్నాడు.

"అతా, నేను మీ అమ్మాయిని అడగడానికి రాలేదు. గొలుసుల కోసం వచ్చాను."

వెనక వరసలో నిలబడ్డ లారీ డ్రైవరు పకపకా నవ్వాడు. "ఊరుకో తమ్ముడూ! ఈ షెడ్డులో పెళ్ళిచూపులు కానిదే గొలుసు బయటికి రాదు. నాకు పోయిన చలికాలమే మూడుసార్లయ్యాయి."

టోలోగన్ నవ్వలేదు. "చిటికెన వేలు చల్లగా ఉంది. వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చో. గొలుసులు నేను కడతాను."

"నేను కట్టుకోగలను అతా. ఎలా కట్టాలో ఫోన్‌లో చూశాను."

"ఫోన్‌కి వేళ్ళున్నాయా?" అన్నాడు ముసలాయన. అని, కీళ్ళు పట్టేసిన మోకాళ్ళని రెండు చేతులతోనూ వంచుకుంటూ, వెళ్ళి కారు చక్రం ముందు మంచులో కూలబడ్డాడు.

చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి. కెరిమ్‌కుల్ పేరు తెలిసినవాళ్ళు ఇప్పుడు ఆ రోడ్డు మీద పెద్దగా మిగల్లేదు.

టోలోగన్‌కి బాగా చిన్నప్పుడే తండ్రి పోయాడు. లారీల డిపోలో చేరేనాటికి స్టీరింగు తిప్పడం వచ్చు, అది కూడా మైదానంలో తిప్పడం. కనుమ మీద తిప్పడం నేర్పినవాడు కెరిమ్‌కుల్. మనిషి పొట్టి, ఛాతీ పీపా అంత, నోరు దానికంటే పెద్దది. డిపోలో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. టోలోగన్ అన్నప్పుడు మాత్రం అందులో నాన్న అన్న పిలుపు కూడా కలిసి వినపడేది.

మొదటి చలికాలమంతా ఉస్తాద్ అతన్ని స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. బండిని కనుమకి సిద్ధం చెయ్యడమే చదువు. సాయంత్రం ఇంజను ఆపగానే రేడియేటర్లో నీళ్ళు ఒక్క చుక్క లేకుండా వదిలెయ్యాలి, లేకపోతే తెల్లారేసరికి గడ్డకట్టి అది పగిలిపోతుంది. పొద్దున్నే బుస్సుమని మంట చిమ్మే దీపంతో ఇంజను కింద నూనెని కరిగించాలి, గడ్డం కాల్చుకోకుండా. మంచు పేరుకోకుండా ముందు అద్దానికి పచ్చి బంగాళాదుంప ముక్క రుద్దాలి. ఇంజను మూత మీద కప్పడానికి ఉస్తాద్ భార్య జూరాకన్ మందపాటి ఉన్ని తొడుగు ఒకటి కుట్టింది, దాని మీద ఎర్ర ఉన్నితో పొట్టేలు కొమ్ముల ముగ్గు. దూరం నుంచి ఆ ఎరుపు కనపడితే చాలు, వచ్చేది ఎవరో కనుమంతా తెలిసిపోయేది. టోలోగన్ మొదటి బండికి కూడా ఆవిడే అలాంటిది కుట్టిచ్చింది.

"గొలుసు మంచులో ఇరుక్కున్నాక కట్టేది కాదురా, ఇరుక్కోక ముందు కట్టేది," అనేవాడు ఉస్తాద్. "కట్టాక ఒక్క మలుపు వెళ్ళి, దిగి, మళ్ళీ బిగించు. బద్ధకించావా, అది వదులై నీ బ్రేకు గొట్టాన్నే కోసేస్తుంది. ఏ గేర్లో ఎక్కావో ఆ గేర్లోనే దిగు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పడిందో, ఆ కాలు నేనే విరగ్గొడతాను. గ్లౌజులు ఎప్పుడూ రెండు జతలుండాలి. చలిలో ఇనుముని ఒట్టి చేత్తో ముట్టుకునేవాడు డ్రైవరు కాదు, గాడిద."

"మరి కనుమ మీద బండేదైనా ఆగిపోయి ఉంటే?" అని ఆయనే అడిగి, ఆయనే చెప్పేవాడు. "ఆగు. దిగు. సలాం చెప్పు. ఏం కావాలో అడుగు. ఇదీ వరస. ఈ వరస తప్పావంటే నా దగ్గర నేర్చుకున్నానని ఎక్కడా చెప్పుకోకు."

టోలోగన్ బుద్ధిగా నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి కనుమ మీద ఉస్తాద్ తరవాత అతనే అన్నారు. బురుల్ అనే పిల్లని పెళ్ళాడాడు, కొడుకు పుట్టాడు. ఆ కొడుకు తొలి అడుగులు వేసిన రోజున కాళ్ళకి దారం కట్టి కోసే వేడుక పెట్టుకుని, గొర్రెని కోసి, డిపోనంతా భోజనానికి పిలిచాడు. చెడింది అక్కడే.

విందులో ఎవరు ఎంత తిన్నారన్నది లెక్క కాదు, ఏ ఎముక ఎవరి పళ్ళెంలో పడిందన్నదే లెక్క. తుంటి ఎముక ఇంటికొచ్చిన పెద్దమనిషిది. ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళందరిలోకీ పెద్దవాడు కెరిమ్‌కుల్, పైగా గురువు. అందులో ఆలోచించాల్సిన పని లేదు. కానీ డిపోకి ఆ నెలలోనే కొత్త లారీలు వచ్చి ఉన్నాయి. ఏ లారీ ఎవరికన్నది మేనేజరు చేతిలో ఉంది. ఆ మేనేజరు కూడా విందుకి వచ్చాడు, ఉస్తాద్ కంటే పదేళ్ళు చిన్నవాడు.

వంటింట్లో పళ్ళేలు సర్దుతుంటే బురుల్ భర్త చెయ్యి పట్టుకుంది. "తుంటి ఉస్తాద్‌కి కదా?"

"మేనేజరుకి పెట్టు."

"నీకు మతి గానీ పోయిందా?"

"ఉస్తాద్ మనవాడే. ఏమీ అనుకోడు."

మనవాడు కదా అని ఎవరిని తక్కువ చేస్తామో వాళ్ళకే ఎక్కువ తగులుతుంది, ఆ సంగతి ఆ వయసులో టోలోగన్‌కి ఎవరు చెప్పినా ఎక్కేది కాదు. ఉస్తాద్ పళ్ళెంలో ముందుకాలి ఎముక పడింది, కొత్త అల్లుళ్ళకి పెట్టేది. ఆయన దాని వంక చూశాడు. మేనేజరు పళ్ళెం వంక చూశాడు. తీసిన చాకుని మళ్ళీ ఒరలో పెట్టుకున్నాడు. చేతులు చాపి పిల్లవాడికి దీవెన మాత్రం పూర్తిగా ఇచ్చి, మాంసం ముట్టుకోకుండా లేచి వెళ్ళిపోయాడు. జూరాకన్ గుమ్మంలో ఆగి, బురుల్ వంక ఒక్కసారి చూసి, భర్త వెనకే నడిచింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి కాళ్ళావేళ్ళా పడి ఉంటే, ఆయన నాలుగు బూతులు తిట్టి టీ పోసేవాడు. అంతటితో అయిపోయేది. టోలోగన్ వెళ్ళలేదు. ఆ మర్నాడే అతనికి కొత్త లారీ తాళాలు ఇచ్చారు, ఆ లారీతోనే ఉస్తాద్ వాకిట్లోకి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. తరవాత వెళ్దామనుకున్నాడు. తరవాత అన్నది గడిచే కొద్దీ బరువెక్కింది.

ఊళ్ళో, డిపోలో ఎదురుపడినప్పుడు మాత్రం మర్యాద తప్పకుండా రెండు చేతులూ చాపి సలాం చెప్పేవాడు. ఉస్తాద్ గడ్డం ఆడించేవాడు, అంతే. చేతులు కోటు జేబుల్లోంచి బయటికి వచ్చేవి కావు. నలుగురి ముందూ చాపిన చేతులు గాల్లో అలా ఉండిపోతే ఏ మగవాడికైనా ఒళ్ళు మండుతుంది. రెండో చలికాలానికి టోలోగన్ సలాం మానేశాడు. ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు, ఒకే వీధికి ఈ కొసనా ఆ కొసనా ఇళ్ళు. ఎదురొస్తుంటే ఒకరు వాగు వైపు మళ్ళేవాళ్ళు, ఒకరు గడ్డివాముల వైపు. లోపల మాత్రం టోలోగన్‌కి ఒకటే ఆశ, ఏదో ఒకరోజున ఉస్తాద్ జేబుల్లోంచి చేతులు తీసి, "ఏరా గాడిదా" అంటాడని.

ఆ తరవాతి చలికాలం, ఒక మధ్యాహ్నం, టోలోగన్ అవతలి లోయలో సరుకు ఎక్కించుకుని ఇంటిదారి పట్టాడు. కనుమ శిఖరం దాటేసరికి నీడవైపు దిగుడంతా మంచు కురుస్తోంది, గాలి అడ్డంగా కొడుతోంది. నాలుగు చక్రాలకీ గొలుసులు వేసి, చిన్న గేర్లో, నడిచే మనిషికన్నా నెమ్మదిగా దిగుతున్నాడు. గద్దరాయి మలుపు దగ్గర తెల్లటి గాల్లోంచి ఎర్రటి పొట్టేలు కొమ్ములు కనపడ్డాయి.

ఉస్తాద్ లారీ రోడ్డు వారగా ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది. వెనక చక్రం గొలుసు కొక్కెం విరిగి, తెగిన పాములా మంచులో పడి ఉంది.

గురువు చెప్పిన వరసలో మొదటిది టోలోగన్ చేశాడు, ఆగాడు. రెండోది చేశాడు, దిగాడు. ఉస్తాద్ క్యాబిన్ కిటికీ కిందికి వచ్చాడు. లోపల ఆయన రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని, కోటు బిగించుకుని, మొహం అవతలికి తిప్పుకుని కూర్చున్నాడు. దర్బారులో ఖాన్ లాగా. ఇటు చూడలేదు.

ఇంకా ఆ బిగువేనా, అనుకున్నాడు టోలోగన్. ఈ మంచులో కూడా. చేతులు ముందుకు లేచాయి కూడా, ఇంకాస్తయితే కిటికీ మీద తట్టేవాడే. డిపో ముంగిట్లో గాల్లో ఉండిపోయిన చేతులు గుర్తొచ్చాయి. చేతులు దింపుకున్నాడు.

తన బండి వెనక నుంచి విడిగా ఉన్న గొలుసు తీసుకొచ్చి, ఉస్తాద్ చక్రం ముందు మంచు మీద చక్కగా పరిచాడు, బండి దాని మీదికి ఎక్కించి కొక్కెం తగిలించుకోవడమే తరువాయి అన్నట్టు. కొక్కెం వైపు పైకి పెట్టాడు. అంత శ్రద్ధగా చేశాడు గానీ, నోరు తెరిచి ఒక్క ముక్క అనలేదు. తిరిగి వచ్చి తన క్యాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. బండి కదిలాక వెనక నుంచి హారన్ వినపడింది. పొడుగ్గా, ఆగకుండా.

"చూశావా! నోటితో అనలేక హారన్‌తో పొమ్మంటున్నాడు," అని పళ్ళు కొరికాడు టోలోగన్. మలుపు తిరిగాక గాలి ఆ చప్పుడుని మింగేసింది.

ఇల్లు చేరాక బురుల్ సూప్ పోస్తూ అడిగింది. "ఉస్తాద్ కూడా కనుమ మీదే ఉన్నాడట కదా. వచ్చాడా?"

"వస్తాడు. గొలుసిచ్చి వచ్చాను."

"ఇచ్చావా? మాట్లాడాడా?"

"గొలుసిచ్చానని చెప్పాను కదా!" అని కసిరి, గిన్నె ముందుకు లాక్కున్నాడు. అయినా రెండుసార్లు వీధిలోకి వెళ్ళి రోడ్డు వంక చూసి వచ్చాడు.

మర్నాడు పొద్దున మంచు తోసే ట్రాక్టరువాళ్ళు ఉస్తాద్ లారీని గద్దరాయి మలుపుకి కాస్త దిగువన, లోయ వైపు పక్కకి ఒరిగి ఉండగా చూశారు. ఇంకొంచెం జారి ఉంటే బండీ దొరికేది కాదు, మనిషీ దొరికేవాడు కాదు. ప్రాణం ఉంది. పెదవి చీలి ఉంది. చేతుల సంగతి ఆసుపత్రిలో తేలింది. రెండు చేతులకీ వేళ్ళు తీసేశారు.

ట్రాక్టరు నడిపేవాడు గొలుసు తెచ్చి టోలోగన్ చేతిలో పెట్టాడు. "నీదే కదా ఇది? అక్కడే మంచులో పడుంది." కొక్కెం మీద నల్లటి మరక ఉంది. తుప్పనుకున్నాడు టోలోగన్. గొలుసు కట్టుకోలేదన్నమాట, నా గొలుసు అని తెలిసి ముట్టుకోలేదన్నమాట, అనుకున్నాడు.

డిపోలో విచారణ జరిగింది. ఆ దారిన ఎవరైనా వచ్చారా అని ఆసుపత్రి మంచం దగ్గరే అడిగారు. ఎవరూ రాలేదని చెప్పాడు కెరిమ్‌కుల్. ఆ మాట విన్న రోజున టోలోగన్‌కి తల తిరిగిపోయింది. నేను రాలేదా? నా గొలుసు లెక్కలోకే రాదా? టీ దుకాణంలో బల్ల గుద్ది మరీ చెప్పాడు. "కాళ్ళ దగ్గర పరిచాను! కట్టుకోలేదు! పైగా హారన్ కొట్టి తరిమాడు! అంతకంటే ఏం చెయ్యమంటారు నన్ను?" వినేవాళ్ళు టీ తాగుతూ తలలు వంచుకున్నారు. అతను ఎంత గట్టిగా అరిస్తే అంత తక్కువమంది ఔనన్నారు.

పరామర్శకి వెళ్దామని ఒకసారి ఆసుపత్రి గుమ్మం దాకా వెళ్ళాడు. బురుల్ ఇచ్చిన సూప్ పాత్ర అక్కడున్న ఆయాకి ఇచ్చి, ఎవరు తెచ్చారో చెప్పొద్దని తిరిగొచ్చేశాడు.

ఏళ్ళు గడిచాయి. దేశం పేరు మారింది, డిపో మూతపడింది, లారీలు ఎవరికి చిక్కినవి వాళ్ళు పట్టుకుపోయారు. టోలోగన్ తన లారీతోనే కొన్నాళ్ళు బతికాడు. గడ్డం నెరిసింది. వీధి ఆ కొసన కెరిమ్‌కుల్ ఎండ కాసే రోజుల్లో గోడకి ఆనుకుని కూర్చునేవాడు, చేతులు కోటు లోపల దాచుకుని. టోలోగన్ వాగు వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేవాడు. చుట్టూ తిరిగిన ప్రతిసారీ రేపు నేరుగా వెళ్తాననుకునేవాడు.

ఒక చలికాలం చివర్లో, ఉస్తాద్ మంచం దిగడం లేదని తెలిసింది. బురుల్ గొర్రె తుంటి ఉడకేసింది. వేడి వేడిగా బట్టలో చుట్టి భర్త ఒళ్ళో పెట్టింది.

"ఏంటిది?"

"ఏంటో నీకు తెలుసు. నువ్వు తీసుకెళ్తావా, నన్ను తీసుకెళ్ళమంటావా? నేను వెళ్ళానంటే వీధంతా వినపడేలా ఏడుస్తూ వెళ్తాను, ఆలోచించుకో."

తలుపు తీసింది జూరాకనే. ముడతలు పడ్డ మొహంతో అతన్ని పైనుంచి కింది దాకా చూసింది. "వచ్చావా? దారి కనపడ్డదా? వీధి ఆ కొస నుంచి ఈ కొసకి ఇన్నేళ్ళు పట్టిందంటే మంచు బాగా దట్టంగా పడ్డట్టుంది."

"అమ్మా..."

"లోపలికి రా, చలి కొడుతోంది. బూట్లు విప్పు. ఏడుపేదైనా ఉంటే ఆయన దగ్గర ఏడువు, నా దగ్గర కాదు."

ఉస్తాద్ పొయ్యి పక్కన పరుపు మీద ఉన్నాడు. పీపా లాంటి ఛాతీ ఎక్కడికి పోయిందో, దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేడు. టోలోగన్ మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. "అస్సలామ్ అలేకుమ్, ఉస్తాద్."

దుప్పటి కదిలింది. లోపలి నుంచి రెండు చేతులూ బయటికొచ్చాయి, అరచేతులు మాత్రమే, అంచులు కుట్టేసిన సంచుల్లా నున్నగా. టోలోగన్ వాటిని పట్టుకున్నాడు.

"వాలేకుమ్ అస్సలామ్," అన్నాడు ఉస్తాద్. నోరు మాత్రం పాత నోరే. "పట్టుకున్నావు. ఆ రోజు పట్టుకుని ఉంటే ఇంకాస్త ఎక్కువ దొరికేది పట్టుకోడానికి."

టోలోగన్‌కి అర్థం కాలేదు. ఇన్నేళ్ళుగా నోట్లో తిప్పుకున్న మాటే బయటికి వచ్చింది. "నేను గొలుసు పెట్టాను కదా ఉస్తాద్. మీరే కట్టుకోలేదు."

"దేంతో కట్టుకోనురా?"

జూరాకన్ టీ పోయడం ఆపింది.

"డబ్బాలోంచి ట్యాంకులోకి పెట్రోలు పోస్తుంటే గాలికి గ్లౌజుల మీద ఒలికింది," అన్నాడు ఉస్తాద్, నెమ్మదిగా, పాఠం చెప్పేటప్పటి గొంతుతోనే. "పెట్రోలు తడి మంచు తడి కంటే పాపిష్టిది. రెండో జత పైన గొర్రెల కాపరికి ఇచ్చేశాను, వాడి చేతులు చూడలేక. అప్పుడే గొలుసు కొక్కెం విరిగింది. తీగతో కడదామని ఒట్టి చేతులతో పట్టాను. నేనేరా, గాడిదని. నువ్వు వచ్చేసరికి వేళ్ళు కొవ్వొత్తుల్లా అయిపోయాయి. చంకల్లో పెట్టుకున్నాను. పెట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. శిష్యుడి ముందు ఏడుస్తూ ఎలా తిరగను? మొహం అటు తిప్పుకున్నాను."

"ఒక్క కేక వెయ్యాల్సింది కదా ఉస్తాద్! ఒక్క కేక!"

"పెద్దవాణ్ణి కదా. నువ్వు ముందు సలాం చెప్తావు, చేతులు చాపుతావు, నేనిస్తాను, నువ్వే చూస్తావు, అనుకున్నాను. నేను చెప్పక్కర్లేకుండానే అయిపోతుంది కదా అనుకున్నాను. నీ తలుపు పడ్డ చప్పుడు విన్నాక పెద్దరికం దిగింది. హారన్ కొట్టాను, మోచేత్తో. నువ్వు మలుపు తిరిగేదాకా కొట్టాను."

"విన్నాను," అన్నాడు టోలోగన్. "విన్నాను ఉస్తాద్. పొమ్మంటున్నారనుకున్నాను."

"నీ గొలుసుని వదల్లేదురా. మోచేతులతో ఈడ్చాను, పళ్ళతో కొక్కెం లాగాను. ఇదిగో, ఈ పెదవి చూడు. లారీ ఒరిగినప్పుడు చీలిందనుకున్నారు అందరూ. కాదు. చల్లటి ఇనుముని ముద్దు పెట్టుకుంటే ఇంతే." ఉస్తాద్ నవ్వబోయి దగ్గాడు. "కొక్కెం పడలేదు. చీకటి పడబోతోంది. మణికట్లతో స్టీరింగు పట్టుకుని దిగుదామనుకున్నాను. గేరు చేతికి చిక్కలేదు."

టోలోగన్ తల నేలకి ఆనింది. "మరి ఎవరూ రాలేదని ఎందుకు చెప్పారు? ఎందుకు చెప్పారు ఉస్తాద్? నా గొలుసుని కూడా లెక్కలోంచి తీసేశారనుకున్నాను."

ఈసారి జవాబు జూరాకన్ ఇచ్చింది, టీ కెటిల్ నేల మీద ఠప్పున పెట్టి. "నువ్వు వచ్చి వదిలేసి పోయావని చెప్తే నీ లైసెన్సు ఉండేదా? నీ పెళ్ళాం పిల్లలు ఏం తినేవాళ్ళు? ఈయన మంచం మీద పడి నిన్ను కాపాడుతుంటే నువ్వేమో టీ దుకాణంలో ఊరందరికీ నువ్వే చెప్పుకున్నావు! ఈయన చేత అబద్ధమాడించావు, ఆ అబద్ధం కూడా నిలవనివ్వలేదు. కాగితం మీద ఈయన మాట ఉండబట్టి బతికిపోయావు."

"ఊరుకోవే," అన్నాడు ఉస్తాద్. "ఆగాడు కదా. దిగాడు కదా. సగం వరస చేశాడు. నేను కూడా ఆ డిపోలో వాడు చేతులు చాపినప్పుడు జేబుల్లోంచి తీసి ఉంటే, వాడికి చాపడం అలవాటు తప్పేది కాదు. ఒక ఎముక కోసం. సిగ్గు లేదు మా ఇద్దరికీ." అని, ముక్కు ఎగబీల్చాడు. "ఆ మూటలో ఏంటిరా, వాసనొస్తోంది?"

టోలోగన్ మూట విప్పాడు. తుంటి ఎముక. ఉస్తాద్ దాని వంక చాలాసేపు చూశాడు.

"ఇప్పుడా తెచ్చావు, చాకు పట్టలేనప్పుడు," అన్నాడు. "కొయ్యి. సన్నగా కొయ్యి, పళ్ళు కూడా పోయాయి."

టోలోగన్ సన్నగా కోశాడు. విందుల్లో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి నోట్లో పెట్టాలి మాంసం. ఆ రోజు ఆ గదిలో అది తలకిందులైంది. ఒక్కో ముక్కా ఉస్తాద్ నోటికి అందించాడు, ఆయన నమిలి మింగేదాకా ఆగి ఇంకోటి అందించాడు, తన కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేక కన్నీళ్ళని అలాగే కారనిచ్చాడు. వెళ్ళేటప్పుడు ఉస్తాద్ అన్నాడు. "మంచు కరిగాక ఒకసారి కనుమ మీదికి తీసుకెళ్ళు. నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని తిడతాను."

మంచు కరగక ముందే ఆయన పోయాడు. టోలోగన్ అందరికంటే ముందు వెళ్ళి గోతికి గడ్డకట్టిన నేల తవ్వాడు. ఎవరు పార అడిగినా ఇవ్వలేదు. ఉస్తాద్ తనని క్షమించాడని అతనికి తెలుసు. ఆ క్షమతో ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు. అంత కోపం, అంత బాధ, అన్నీ సలాం చెప్పడానికి పట్టేంత సేపట్లో తీరిపోయేవే. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదంటాడు. ఆ ఏడే లారీ అమ్మేసి, కనుమ అడుగున షెడ్డు వేసుకున్నాడు.

పట్నం కుర్రాడి వేళ్ళు పొయ్యి దగ్గర ఎర్రబడ్డాక, టోలోగన్ మళ్ళీ ఒకసారి పట్టుకుని చూశాడు. గోడ మీంచి ఒక జత ఉన్ని గ్లౌజులు తీసి అతని మీదికి విసిరాడు. "ఇవి జేబులో ఉంచుకో. చేతికున్నవి తడిస్తే వేసుకో. గద్దరాయి మలుపు దాటాక ఆగి, దిగి, గొలుసు మళ్ళీ బిగించు. దారిలో ఎవరైనా ఆగి ఉంటే..."

"తెలుసు అతా. ఆగాలి, దిగాలి, అడగాలి."

"సలాం చెప్పాలి! అడిగే ముందు సలాం చెప్పాలి!" ముసలాయన అంత గట్టిగా అరుస్తాడని కుర్రాడు అనుకోలేదు. "చెయ్యి పట్టుకుని చెప్పాలి. తెలిసిందా?"

"తెలిసింది అతా," అన్నాడు కుర్రాడు, ఈసారి నవ్వకుండా. కారు గొలుసులు గలగలమనిపిస్తూ రోడ్డెక్కింది.

లారీ డ్రైవరు తన వంతుకి ముందుకొచ్చి, గ్లౌజులు విప్పి చేతులు చాపాడు. టోలోగన్ అవి అందుకోబోతుండగా పైన మొదటి మలుపు దగ్గర నుంచి హారన్ వినపడింది.

"ధన్యవాదాలు చెప్తున్నాడు అతా," అన్నాడు లారీ డ్రైవరు. "ప్రతివాడూ కొడతాడు కదా అక్కడ. రండి, నా పెళ్ళిచూపులు కానివ్వండి."

టోలోగన్ అప్పటికే పార అందుకుని, టోపీ చెవుల మీదికి లాక్కుంటున్నాడు.

"ధన్యవాదాలే అయ్యుంటుంది," అన్నాడు. "చూసొస్తాను."

మంచులో మోకాళ్ళు ఒక్కొక్కటే ఎత్తి వేస్తూ మలుపు వైపు నడిచాడు. ఏ హారన్ విన్నా ఆయన అలాగే వెళ్తాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అక్కడ ఎవరూ ఆగి లేరు.